ఆరోగ్య సందేహాలు: సబ్బుజాతి రసాయనాలు, సూక్ష్మజీవులు, శుక్రకణాలు

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం రసాయనశాస్త్రం చదువుతున్నాను. సబ్బులోనూ, ఆసుపత్రి నేల తుడిచే ద్రావణంలోనూ, గర్భనిరోధక జెల్లీలోనూ పనిచేసేది సర్ఫాక్టెంటేనని మా మేడమ్ పాఠం చెబుతూ అన్నారు. ఒకే రకం రసాయనం సూక్ష్మజీవులనూ, శుక్రకణాలనూ రెండింటినీ ఎలా చంపుతుంది? మరి రోజూ వాడే షాంపూ ఆసుపత్రి మందులా ఎందుకు పనిచేయదు?
– ఒక విద్యార్థిని, శ్రీకాకుళం

జవాబు: మీ మేడమ్ చెప్పింది నిజమే. సర్ఫాక్టెంట్ అణువుకు నీటిని ఇష్టపడే తల ఒకటి, నీటికి దూరంగా, కొవ్వుకు దగ్గరగా ఉండే తోక ఒకటి ఉంటాయి. జీవకణం చుట్టూ ఉండే పొర కూడా ఇలాంటి నిర్మాణం గల ఫాస్ఫోలిపిడ్ అణువులు రెండు వరుసలుగా, తోకలు లోపలికీ తలలు బయటికీ పెట్టుకుని పేర్చుకున్నదే. ఆ పొర మందం సుమారు 5 నానోమీటర్లు మాత్రమే. సర్ఫాక్టెంట్ అణువులు తమ తోకలను ఆ వరుసల మధ్యకు చొప్పించినప్పుడు పొర బిగువు సడలి, మొదట పొటాషియం వంటి చిన్న అయాన్లు బయటికి కారిపోతాయి. గాఢత ఇంకా పెరిగితే పొర ముక్కలు ముక్కలుగా విడిపోయి, సర్ఫాక్టెంట్ అణువులతో కలిసి మిసెల్ అనే చిన్న చిన్న గుంపులుగా నీటిలో కరిగిపోతుంది. బ్యాక్టీరియాకైనా, శుక్రకణానికైనా, కరోనా, ఇన్‌ఫ్లుయెంజా, హెచ్‌ఐవీ వంటి కొవ్వు తొడుగు గల వైరస్‌కైనా బయటి హద్దు కొవ్వుపొరే కాబట్టి, వాటన్నింటిపైనా ఒకే రసాయనం పనిచేయడంలో వింత లేదు. కొవ్వు తొడుగు లేని పోలియో, నోరో, హెపటైటిస్-ఎ, పాపిలోమా వైరస్‌లు మాత్రం వీటికి అంత సులభంగా లొంగవు.

శుక్రకణం ఈ దాడికి మరీ తేలికగా లొంగిపోవడానికి దాని నిర్మాణంలోనే కారణం ఉంది. దానిలో కణద్రవం చాలా తక్కువ. కొత్త ప్రోటీన్లను తయారుచేసుకుని దెబ్బతిన్న పొరను బాగుచేసుకునే శక్తి దానికి దాదాపు లేదు. అండంతో కలిసే వేళకు విచ్చుకోవలసిన అక్రోసోమ్ అనే సంచి దాని తలమీద ముందే సిద్ధంగా ఉంటుంది. సర్ఫాక్టెంట్ తగలగానే ఆ సంచి అకాలంలో చిట్లిపోతుంది, తోక కదలిక ఆగిపోతుంది. ఈ మందుల శక్తిని కొలవడానికి 1941లో వెలువడిన సాండర్-క్రేమర్ పరీక్ష, దాని సవరించిన రూపాలు నేటికీ వాడుకలో ఉన్నాయి. మందును రకరకాలుగా పలుచన చేసి వీర్యంతో కలిపి, 20 సెకన్లలో శుక్రకణాల కదలిక పూర్తిగా ఆగిపోయేంత తక్కువ గాఢత ఏదో ఆ పరీక్షలో చూస్తారు.

ఇక షాంపూ సంగతికి వద్దాం. సర్ఫాక్టెంట్లలో తల మీద ఉన్న విద్యుదావేశాన్ని బట్టి నాలుగు తెగలున్నాయి. సబ్బు, షాంపూలోని సోడియం లారిల్ సల్ఫేట్ వంటివి రుణావేశం గలవి. బెంజాల్కోనియం క్లోరైడ్, సెట్రిమైడ్ వంటివి ధనావేశం గలవి. గర్భనిరోధక జెల్లీలో శుక్రకణాలను చంపే నోనాక్సినాల్-9, ఇంకా ట్రైటన్ ఎక్స్-100, పాలీసార్బేట్ 80 వంటి వాటికి ఆవేశమే లేదు. రెండు ఆవేశాలూ కలిగిన బీటైన్లు నాలుగో తెగ. బ్యాక్టీరియా పైతలం మానవ కణాల పైతలం కంటే ఎక్కువ రుణావేశంతో ఉంటుంది. అందువల్ల రుణావేశం గల సబ్బు అణువును అది కొంత దూరంగా తోసేస్తుంది, ధనావేశం గల అణువును మాత్రం తనవైపు లాక్కుంటుంది. బయటి పొరను కట్టిపడేసి ఉంచే కాల్షియం, మెగ్నీషియం అయాన్లను ఆ ధనావేశపు అణువు తొలగించి, వాటి స్థానంలో తాను చేరి లోపలికి దారి చేసుకుంటుంది. బెంజాల్కోనియం క్లోరైడ్‌కు ఈ క్రిమిసంహారక శక్తి ఉన్నదని 1935లో ప్రకటించినవారు జర్మన్ శాస్త్రవేత్త గెర్హార్డ్ డోమాక్. తొలి సల్ఫా మందు ప్రాంటోసిల్‌కు గాను 1939లో నోబెల్ బహుమతి పొందినది కూడా ఆయనే. సబ్బు చేతులను శుభ్రం చేసేది ప్రధానంగా మురికినీ, సూక్ష్మజీవులనూ చర్మం నుంచి విడదీసి నీటితో కొట్టుకుపోయేలా చేయడం ద్వారానే. కొవ్వు తొడుగు గల వైరస్‌లను అది చంపుతుంది కూడా.

ఆవేశంతో పాటు తోక పొడవునూ మీరు గమనించాలి. ధనావేశపు సర్ఫాక్టెంట్లలో తోకకు 12 నుంచి 16 కార్బన్లు ఉన్నప్పుడు క్రిమిసంహారక శక్తి ఎక్కువగా ఉంటుంది. తోక అంతకంటే పొట్టిదైతే పొరలో నిలదొక్కుకోలేదు. బాగా పొడవైతే అణువు నీటిలో సరిగ్గా కరగక, కరిగినంత మేరకూ తనలో తాను గుంపుకట్టి, పొరను చేరే విడి అణువుల సంఖ్య తగ్గిపోతుంది. ఆవేశం లేని తెగలో తల పరిమాణం నిర్ణయిస్తుంది. నోనాక్సినాల్-9 పేరులోని 9 దాని తలలో ఉన్న ఇథిలీన్ ఆక్సైడ్ భాగాల సగటు సంఖ్య. ఆ మాత్రం తల ఉన్న అణువు పొరలోకి చొరబడగలదు, నీటిలోనూ కరగగలదు. పాలీసార్బేట్ 80 తలలో అలాంటి భాగాలు 20 ఉంటాయి. అది జీవకణాల పట్ల ఎంత సాధువంటే, కోవిషీల్డ్ టీకాలోనూ దాన్ని కలిపారు. అంతేకాదు, ప్రయోగశాలల్లో బెంజాల్కోనియం వంటి మందు ప్రభావాన్ని ఆపి, బతికి ఉన్న సూక్ష్మజీవులను లెక్కపెట్టడానికి వాడే పోషకద్రావణంలో పాలీసార్బేట్ 80ని, లెసిథిన్‌ను కలుపుతారు. ఒక సర్ఫాక్టెంట్ కాటుకు మరొక సర్ఫాక్టెంటే విరుగుడు కావడం ఈ శాస్త్రంలో నాకు ఎంతో ఇష్టమైన విషయం.

ప్రశ్న: దెబ్బ తగిలినప్పుడు ముందు సబ్బుతో కడిగి, వెంటనే సావ్లాన్ కలిపిన నీళ్లతో తుడుస్తాను. సబ్బూ ఆ మందూ కలవకూడదని నర్సుగా పనిచేసిన మా పిన్ని అంటున్నారు. అది నిజమేనా?
– ఒక గృహిణి, హన్మకొండ

జవాబు: మీ పిన్నిగారి మాట వినండి. సావ్లాన్‌లో ఉన్నవి సెట్రిమైడ్, క్లోర్‌హెక్సిడిన్. రెండూ ధనావేశం గలవి. సబ్బు రుణావేశం గలది. రెండూ కలిస్తే ఒకదానినొకటి పట్టుకుని జంటగా మారి, మందులో పనిచేసే అణువులు తగ్గిపోతాయి. మందులోని క్రిమిసంహారక గుణానికి ధనావేశపు తల ఎంతో ముఖ్యమని ఇందాక చెప్పాను కదా, సబ్బు దానికే అడ్డం పడుతుంది. గాయాన్ని సబ్బుతో కడగడం మంచిదే. కానీ మందు వేయడానికి ముందు సబ్బు జాడ లేకుండా పారే నీటితో బాగా కడగండి. డెటాల్ సంగతి వేరు. దానిలో క్రిములను చంపేది క్లోరోజైలెనాల్ అనే ఫినాల్ జాతి పదార్థం, దాన్ని నీటిలో కలిపి ఉంచేదే ఆముదంతో చేసిన సబ్బు కాబట్టి అక్కడ ఈ చిక్కు రాదు. ఏ మందునైనా సీసాపై రాసిన కొలత ప్రకారం పలుచన చేసిన తర్వాతే వాడాలి. పలుచన చేసిన మందును రోజుల తరబడి నిల్వ ఉంచకండి. సూడోమోనాస్ వంటి కొన్ని బ్యాక్టీరియా ఈ తెగ ద్రావణాలలోనే బతికి ఆసుపత్రుల్లో ఇన్ఫెక్షన్లు తెచ్చిన సందర్భాలు వైద్య చరిత్రలో ఉన్నాయి.

ప్రశ్న: నేను ఆరోగ్య కార్యకర్తగా పనిచేస్తున్నాను. శుక్రకణాలను చంపే జెల్లీ, మాత్రలు హెచ్‌ఐవీని కూడా చంపుతాయని ఒకప్పుడు శిక్షణలో విన్నాను. ఆ తర్వాత అవే హెచ్‌ఐవీ ముప్పును పెంచుతాయని విన్నాను. వైరస్‌ను చంపే పదార్థం వైరస్ సోకే అవకాశాన్ని ఎలా పెంచుతుంది? మా బస్తీలో మహిళలకు ఏమని చెప్పమంటారు?
– ఒక ఆరోగ్య కార్యకర్త, హైదరాబాద్

జవాబు: మీరు విన్న రెండు మాటలూ సరైనవే. రెండింటి మధ్య దూరాన్ని తెలుసుకోవడానికి వైద్య ప్రపంచానికి పదిహేనేళ్లకు పైగా పట్టింది. ఆ కాలంలో ఎందరో మహిళలు ఒక ఆశతో పరీక్షలకు ముందుకు వచ్చారు గనుక ఈ ప్రశ్నకు కొంత వివరంగానే జవాబు చెప్పాలి.

నోనాక్సినాల్-9 హెచ్‌ఐవీని ప్రయోగశాలలో నిర్వీర్యం చేస్తుందని 1985లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. హెచ్‌ఐవీకి కొవ్వు తొడుగు ఉంది, నోనాక్సినాల్-9 కొవ్వుపొరను కరిగిస్తుంది, అప్పటికే అది దుకాణాల్లో దొరుకుతున్న మందు. కండోమ్ వాడమని భర్తను ఒప్పించలేని స్త్రీ తన చేతిలో ఉంచుకోగల రక్షణ అవుతుందన్న ఆశ అప్పుడు బలంగా కలిగింది. అయితే 1992లో వెలువడిన నైరోబీ అధ్యయనంలో, 1000 మిల్లీగ్రాముల నోనాక్సినాల్-9 ఉన్న స్పాంజిని వాడిన సెక్స్‌వర్కర్లకు హెచ్‌ఐవీ నుంచి రక్షణ దొరకలేదు సరికదా, జననాంగాల పుండ్లు ఎక్కువయ్యాయి. మోతాదు ఎక్కువ కావడమే దీనికి కారణమని చాలామంది భావించారు. 1998లో కామెరూన్‌లో 1,292 మంది మహిళలపై జరిగిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. అందులో 70 మిల్లీగ్రాముల పలుచని ఫిల్మ్ వాడారు. అదీ రక్షణ ఇవ్వలేదు. చివరికి 52.5 మిల్లీగ్రాముల మోతాదుతో ఒక జెల్‌ను బెనిన్, కోట్ డి ఐవరీ, దక్షిణాఫ్రికా, థాయ్‌లాండ్ దేశాలలో పరీక్షించారు. 2000 జులైలో డర్బన్‌లో జరిగిన అంతర్జాతీయ ఎయిడ్స్ సదస్సులో ఆ ఫలితం వెల్లడైంది, 2002లో లాన్సెట్‌లో ప్రచురితమైంది. ప్రధాన విశ్లేషణలో చేరిన 765 మందిలో, మందున్న జెల్ వాడినవారిలో 59 మందికి, మందులేని జెల్ వాడినవారిలో 45 మందికి హెచ్‌ఐవీ సోకింది. రోజుకు సగటున మూడున్నర సార్ల కంటే ఎక్కువగా వాడినవారిలో ముప్పు దాదాపు రెట్టింపుకు చేరింది.

దీనికి కారణం వైరస్‌లో లేదు, మన శరీరంలోనే ఉంది. యోని గోడలోని కణాల పొర కూడా ఫాస్ఫోలిపిడ్లతో అయినదే. ఆవేశం లేని నోనాక్సినాల్-9 అణువుకు శుక్రకణపు పొర, వైరస్ తొడుగు, స్త్రీ శరీర కణపు పొర మూడింటి మధ్య పెద్దగా తేడా కనిపించదు. శుక్రకణాలను ఆపడానికి కావలసిన గాఢతకూ, గోడ కణాలను గాయపరచే గాఢతకూ మధ్య ఎడం చాలా తక్కువ. పదేపదే వాడినప్పుడు గోడలో సూక్ష్మమైన గాయాలు ఏర్పడతాయి, వాపు వస్తుంది. ఆ వాపును మాన్పడానికి శరీరం రోగనిరోధక కణాలను అక్కడికి పంపుతుంది. హెచ్‌ఐవీ వెతుక్కునేది సరిగ్గా ఆ కణాలనే. కొంత వైరస్ చచ్చినా, మిగిలిన వైరస్‌కు తెరుచుకున్న గోడ, దాని వెనుకే తనకు కావలసిన కణాల గుంపు కూడా దొరుకుతాయి. మలద్వారంలోని పొర ఒకే వరుస కణాలతో ఇంకా పలుచగా ఉంటుంది గనుక అక్కడ నోనాక్సినాల్-9 తగిలిన నిమిషాల్లోనే కణాలు పొరలుగా ఊడివస్తాయి. 2007లో ఎలుకలపై జరిగిన ప్రయోగంలో పాపిలోమా వైరస్ కూడా ఈ మందు వాడిన తర్వాత మరింత సులభంగా సోకింది. ఆ వైరస్‌కు కొవ్వు తొడుగే లేదు కాబట్టి మందు దాన్ని చంపలేదు, గోడను మాత్రం దెబ్బతీసింది.

అదే రసాయన తర్కం ఇంకొక చోట ఎన్నో ప్రాణాలను కాపాడింది. హీమోఫీలియా రోగులకు ఇచ్చే రక్తపదార్థాలలోని వైరస్‌లను ట్రైటన్ ఎక్స్-100 వంటి డిటర్జెంట్‌తో, ఒక సాల్వెంట్‌తో కలిపి శుద్ధిచేసే పద్ధతికి 1985లో అమెరికాలో అనుమతి లభించింది. హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి, హెపటైటిస్-సి మూడింటినీ అది నిర్మూలిస్తుంది. తొడుగు లేని హెపటైటిస్-ఎ, పార్వోవైరస్ బి19 వంటివి దానికి లొంగవు. ట్రైటన్ ఎక్స్-100, నోనాక్సినాల్-9 నిర్మాణంలో చాలా దగ్గరి బంధువులు. ఒకటి విజయం సాధించి, మరొకటి విఫలం కావడానికి కారణం, రక్తపదార్థం ఉన్న పాత్రలో కాపాడవలసిన జీవకణాల గోడ లేకపోవడం, పని పూర్తయ్యాక డిటర్జెంట్‌ను అందులోంచి తీసివేయగలగడం. ఒక పదార్థం పరీక్షనాళికలో వైరస్‌ను చంపుతుందన్న వార్త చూడగానే, అదే గాఢతలో అది మన కణాలను ఏం చేస్తుందో కూడా అడగాలని నేను విద్యార్థులకు ఎన్నోసార్లు చెబుతుంటాను.

మరికొన్ని సర్ఫాక్టెంట్ల విషయంలోనూ ఇదే ఆశ పెట్టుకున్నారు. బీటైన్, అమైన్ ఆక్సైడ్‌ల మిశ్రమమైన సి31జి జెల్‌ను ఘానా, నైజీరియాలలో పరీక్షించారు. అదీ హెచ్‌ఐవీ నుంచి రక్షిస్తుందన్న నిరూపణ లభించలేదు.

మీరు మహిళలకు ఈ విషయాలు చెప్పవచ్చు. శుక్రకణనాశక మందులు లైంగిక వ్యాధుల నుంచి రక్షించవు. 2007 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ హెచ్చరికను ప్యాకెట్ల మీద ముద్రించాలని ఆదేశించింది. హెచ్‌ఐవీ ముప్పు ఎక్కువగా ఉన్న స్త్రీలు నోనాక్సినాల్-9 వాడకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఆ మందు పూసిన కండోమ్ మామూలు కండోమ్ కంటే మెరుగైనది కాదు, మామూలు కండోమే తీసుకోవడం మంచిది.

ప్రశ్న: మాకు పెళ్లయి మూడేళ్లయింది. పిల్లల కోసం ఇంకా ఆగుదామనుకుని, మందుల షాపులో దొరికే యోని మాత్రలు వాడుతున్నాను. ఈ మధ్య తరచుగా మూత్రంలో మంట వస్తోంది. డాక్టరు గారు ఇన్ఫెక్షన్ అని మందులిస్తే తగ్గి, మళ్లీ వస్తోంది. రెండింటికీ సంబంధం ఉందేమోనన్న అనుమానం నాది. అడగడానికి మొహమాటంగా ఉంది.
– పేరు వద్దన్న పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, ఇందులో మొహమాటపడవలసింది ఏమీ లేదు, మీ అనుమానానికి మంచి ఆధారం ఉంది. ఆరోగ్యవంతమైన యోనిలో లాక్టోబాసిల్లస్ అనే మేలుచేసే బ్యాక్టీరియా ఉండి, ఆమ్లాన్నీ, వాటిలో కొన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌నూ తయారుచేస్తూ హానికర సూక్ష్మజీవులను దూరంగా ఉంచుతాయి. పెరాక్సైడ్ తయారుచేసే ఆ లాక్టోబాసిల్లస్‌లు నోనాక్సినాల్-9కు తేలికగా చనిపోతాయి. మూత్రనాళ ఇన్ఫెక్షన్లకు ప్రధాన కారణమైన ఈ. కోలై బ్యాక్టీరియాకు మాత్రం లైపోపాలీశాకరైడ్‌తో కూడిన అదనపు బయటి పొర ఉంది. అది ఆవేశం లేని ఈ అణువును అడ్డుకుంటుంది. ఆ విధంగా కావలివారు పోయి, దొంగ మిగిలిపోతాడు. అమెరికాలో యువతులపై జరిగిన అధ్యయనాలలో, శుక్రకణనాశకంతో కలిపి డయాఫ్రం (గర్భాశయ ముఖాన్ని మూసే గర్భనిరోధక మూత) వాడేవారిలోనూ, అది పూసిన కండోమ్ వాడేవారిలోనూ మూత్రనాళ ఇన్ఫెక్షన్లు ఎక్కువగా కనిపించాయి.

మీ మాత్ర ప్యాకెట్ మీద నోనాక్సినాల్-9 అని ఉందేమో చూడండి. ఈసారి మంట వచ్చినప్పుడు యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే మూత్రం కల్చర్ పరీక్ష చేయించండి. గైనకాలజిస్టుకు మీరు వాడుతున్న మాత్ర గురించి తప్పక చెప్పండి. చాలాసార్లు డాక్టర్లు ఈ ప్రశ్న అడగరు, రోగులు చెప్పరు, ఆ మధ్యలో యాంటీబయాటిక్ కోర్సులు మాత్రం పెరిగిపోతుంటాయి. మరొక విషయం మీరు తెలుసుకోవాలి. ఈ మందులను మాత్రమే నమ్ముకుని మామూలుగా వాడే 100 మందిలో ఏడాదికి సుమారు 21 మంది గర్భం దాలుస్తారని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం లెక్క. కాపర్-టి వాడేవారిలో ఆ సంఖ్య ఒకటికి లోపే. మాత్రలు మానేముందే, వాటి బదులు ఏ పద్ధతి మీకు సరిపోతుందో గైనకాలజిస్టుతో మాట్లాడి నిర్ణయించుకోండి.

ప్రశ్న: కుంకుడుకాయలో కూడా శుక్రకణాలను చంపే గుణం ఉందని, మన దేశంలోనే దానితో మందు చేశారని ఎక్కడో చదివాను. నిజమైతే ఇంట్లో తీసిన కుంకుడు రసం వాడుకోవచ్చా? రసాయనాల కంటే అదే మేలు కదా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: చదివింది నిజం, వాడుకోవచ్చా అన్నదానికి మాత్రం నా జవాబు వద్దనే. కుంకుడు నురుగుకు కారణమైన సాపోనిన్లు మొక్క స్వయంగా తయారుచేసుకున్న సర్ఫాక్టెంట్లు. వాటిలో చక్కెర భాగం తల, నూనె గుణం గల ట్రైటర్పీన్ భాగం తోక. కణపొరలోని కొలెస్ట్రాల్‌ను పట్టుకుని అవి పొరకు రంధ్రాలు చేస్తాయి. ఎర్ర రక్తకణాలు వాటి సమక్షంలో పగిలిపోతాయి, చేపలకు అవి విషం. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఉత్తరాది కుంకుడైన సాపిండస్ ముకొరోసీ సాపోనిన్లతో కాన్‌సాప్ అనే గర్భనిరోధక క్రీమును రూపొందించారు. ఢిల్లీలోని జాతీయ రోగనిరోధక శాస్త్ర సంస్థలో ప్రాణ్ తల్వార్ గారి బృందం వేప సారంతో పాటు కుంకుడు సాపోనిన్లనూ చేర్చి ప్రనీమ్ అనే తయారీని పరీక్షించింది. బ్యాక్టీరియా పొరలో కొలెస్ట్రాల్ సాధారణంగా ఉండదు కాబట్టి సాపోనిన్లు లాక్టోబాసిల్లస్‌ను వదిలేసి శుక్రకణాలనే ఎంచుకుంటాయేమోనన్న ఆలోచన రసాయనపరంగా ఆసక్తికరమైనదే. కానీ యోని గోడ కణాల్లో కొలెస్ట్రాల్ ఉంది. నోనాక్సినాల్-9 విషయంలో తలెత్తిన ప్రశ్న ఇక్కడా అలాగే నిలబడి ఉంది.

ఆ మందులలో వాడింది శుద్ధిచేసి, కొలత వేసిన సాపోనిన్. ఇంట్లో నానబెట్టిన రసంలో సాపోనిన్ ఎంత ఉందో ఎవరికీ తెలియదు. కాయను బట్టి, నానిన సమయాన్ని బట్టి అది మారుతుంది. ఎక్కువైతే లోపలి పొరలు ఒరుసుకుపోతాయి, తక్కువైతే గర్భం ఆగదు. ఆ రసం కంట్లో పడితే ఎంత మండుతుందో తలంటి పోసుకున్నవారికి తెలుసు. యోనిలోని పొర కూడా అలాంటి సున్నితమైనదే. మొక్క నుంచి వచ్చినంత మాత్రాన సర్ఫాక్టెంట్ స్వభావం మారదు, అది కణపొరను కరిగించే తీరు అదే. మీకు, మీ శ్రీమతికి గర్భనిరోధం అవసరమైతే ప్రభుత్వ ఆసుపత్రులలో కండోమ్‌లు, కాపర్-టి, ‘అంతర’ అనే గర్భనిరోధక ఇంజెక్షన్, ‘ఛాయ’ అనే గర్భనిరోధక మాత్రలు ఉచితంగా ఇస్తారు. ఛాయలో ఉన్న సెంట్‌క్రోమాన్‌ను కనుగొన్నది కూడా లక్నోలోని ఆ సంస్థే. అది సర్ఫాక్టెంట్ కాదు, హార్మోనూ కాదు. ఈస్ట్రోజన్ గ్రాహకాలపై పనిచేసే మాత్ర అది. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ తర్వాత వారానికి ఒకసారి వేసుకోవాలి. మొదలుపెట్టేముందు డాక్టరును గానీ, ఏఎన్ఎంను గానీ కలవండి.